కొండ పేర్చిన బతుకమ్మ

శీర్షిక: చెట్టూ చేమా



సంక్రాంతి సెలవులకు పిల్లలంతా ఇంటికి చేరితే, ఇంటిల్లిపాదీ కలిసి వజ్రేశ్వరి అమ్మవారి దర్శనానికి వెళ్ళాం. భివండీలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో ఒక్కసారైనా వజ్రేశ్వరికి వెళ్ళనివారు అరుదు. మన తాలూకాలోనే, తాన్సా నది ఒడ్డున ఉన్న క్షేత్రం కదా! దర్శనం అయ్యాక అకలోలిలో వేడినీటి గుండాల దగ్గరకు దిగాం. ఏడో తరగతి చదివే మనవడు నీళ్ళలో వేలు పెట్టి చటుక్కున తీసేసుకున్నాడు.

"తాతా, ఈ నీళ్ళను కింద ఎవరు కాగబెడుతున్నరు?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోగా పక్కనే స్నానం చేస్తున్న పెద్దమనిషి ఒకాయన, "కింద జ్వాలాముఖి ఉంది బేటా, ఇప్పటికీ మండుతోంది" అన్నాడు. వాడి ముఖం పాలిపోయింది. ఇంటికి వచ్చేదాకా బస్సులో నన్ను వదల్లేదు. "మరి మన ఇల్లు దాని మీదనే ఉందా? మన సాంచాలు గూడ దాని మీదనే నడుస్తున్నయా? అగ్నిపర్వతం మీద చెట్లు ఎట్ల మొలుస్తయి?"

మొదటి రెండు ప్రశ్నలకూ జవాబు అక్కడికక్కడే చెప్పగలిగాను. మూడోది మాత్రం చిన్న ప్రశ్న కాదు. దానికి జవాబు వెతుక్కుంటూ పోతే మాహులీ కోట నుంచి కిలిమంజారో దాకా వెళ్ళవలసి వచ్చింది. ఈ సంచికలో ఆ సంగతులే మీతో పంచుకుంటున్నాను.

మన కాళ్ళ కింది రాయి

ముందు ఆ పిల్లవాడి భయం తీరుద్దాం. వజ్రేశ్వరి కింద ఏ అగ్నిపర్వతమూ మండడం లేదు. భూమి లోపలికి పోయినకొద్దీ ఎక్కడైనా వేడి పెరుగుతుంది. వాన నీరు రాతి పగుళ్ళ వెంట చాలా లోతుకు ఇంకి, అక్కడ కాగి, మరో పగులు దొరికితే పైకి ఉబికి వస్తుంది. కొంకణ తీరం పొడవునా అటువంటి పగుళ్ళు ఉన్నాయి. అందుకే అక్కడక్కడా వేడి ఊటలు.

అయితే ఆ పెద్దమనిషి చెప్పినది పూర్తిగా అబద్ధమూ కాదు. మన ఊరు నిలబడి ఉన్నది నిజంగానే చల్లారిన నిప్పు మీద. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం ఇక్కడి నేల నిలువునా చీలి, ఆ చీలికల్లోంచి లావా పొంగింది. బొమ్మల్లో చూసే కోన్ ఆకారపు కొండ ఒకటి పేలి ఎగజిమ్మినట్లు కాదు. పొయ్యి మీది పాలు గిన్నె అంచు దాటి నాలుగు పక్కలా పారినట్లు పారింది. ఒక పొర ఆరి గట్టిపడ్డాక దానిమీద ఇంకొక పొర, దానిమీద మరొకటి. గోదాములో తాను మీద తాను పేర్చినట్లుగా పేరుకుపోయింది. పడమటి కనుమల్లో కొన్నిచోట్ల ఈ పొరల మందం రెండు కిలోమీటర్లు దాటుతుంది. కోసుకుపోయినంత పోగా ఇవాళ మిగిలినదే సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లు. దీన్ని దక్కన్ ట్రాప్ అంటారు. 'ట్రాప్' అన్నది స్వీడన్ భాషలో మెట్లకున్న పేరు నుంచి వచ్చింది. కసారా ఘాటులో రైలు ఎక్కుతున్నప్పుడు కిటికీలోంచి చూడండి, కొండలు మెట్లు మెట్లుగానే ఉంటాయి.

ఈ రాయి మనవాళ్ళకు కొత్త కాదు. ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చినవారు పుట్టి పెరిగినదీ ఈ రాతి అంచునే. ఇంకా విచిత్రమేమంటే, పడమటి నుంచి బయలుదేరిన లావా ఆనాటి నదీ లోయల వెంట దాదాపు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి రాజమండ్రి దాకా చేరిందని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. గోదావరికి ఆ ఒడ్డున కాటేరులో, ఈ ఒడ్డున గౌరీపట్నం, పంగిడి క్వారీల్లో తవ్వే నల్లరాయి ఆ సంతతిదే. ఆ రాయి ఎండకూ వానకూ చివికి చివికి నల్లరేగడి అయింది. నల్లరేగడిలో పత్తి పండింది. పత్తి నూలైంది. నూలు పడుగూ పేకా అయి మన సాంచాల మీదికి ఎక్కింది. కనుక మన ఇంట్లో పొయ్యి వెలగడానికి కారణం ఎప్పుడో ఆరిపోయిన ఆ నిప్పేనంటే అతిశయోక్తి కాదు.

ఆ లావా కాలంలోనూ మొక్కలు ఊరుకోలేదు. ఒక పొరకూ ఇంకొక పొరకూ మధ్య వేల ఏళ్ళు ఎడం వచ్చినప్పుడు చెరువులు నిండాయి, చెట్లు మొలిచాయి. తర్వాతి లావా వచ్చి వాటిని కప్పేసింది. అలా రాయిగా మారిన మొక్కలను మధ్యప్రదేశ్‌లోని చింద్వాడా జిల్లా మోహ్‌గావ్ వంటి చోట్ల తవ్వి తీశారు. ప్రసిద్ధ వృక్షశాస్త్రవేత్త బీర్బల్ సాహ్ని ఇటువంటి శిలాజాలను శ్రద్ధగా పరిశోధించారు. నిప్పు చల్లారగానే మొక్క తిరిగి వచ్చిందని ఆ రాళ్ళే సాక్ష్యం చెబుతున్నాయి. మనవడి మూడో ప్రశ్నకు సగం జవాబు ఇదే.

వరస మీద వరస

మిగతా సగం జవాబు చెప్పడానికి బతుకమ్మను తలుచుకోవాలి.

బతుకమ్మను పేర్చేటప్పుడు ఏం చేస్తాం? తాంబాళంలో అడుగున వెడల్పుగా తంగేడు, గునుగు. దానిమీద కాస్త చిన్న వరసలో బంతి. ఆ పైన ఇంకా చిన్న వరసలో చేమంతి, కట్ల. ఒక్కొక్క వరసకూ ఒక్కొక్క పువ్వు. పైకి పోయినకొద్దీ చుట్టు చిన్నదవుతుంది. చివరకు శిఖరాన ఒక్క గుమ్మడి పువ్వుకు, పసుపు గౌరమ్మకు మాత్రమే చోటు.

ఉష్ణదేశాల్లోని ఎత్తైన కొండ కూడా సరిగ్గా ఇలాగే పేర్చి ఉంటుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరు డిగ్రీల వేడి తగ్గుతుంది. కింద మామిడి, అరటి కాసే వేడి. మధ్యలో మబ్బులు తాకే తడి అడవి. ఆ పైన పొదలు, గడ్డి. ఇంకా పైన చలికి ఓర్చుకునే కొన్ని మొండి మొక్కలు. చదును నేల మీద ఇన్ని రకాల వాతావరణాలు చూడాలంటే వేల కిలోమీటర్లు ఉత్తరానికి పోవాలి. కొండ మీద రెండు మూడు రోజుల నడకలో అన్నీ చూడవచ్చు.

ఈ సంగతిని మొట్టమొదట ప్రపంచానికి బొమ్మ గీసి చూపించినవాడు జర్మనీ దేశస్థుడు అలెగ్జాండర్ ఫన్ హంబోల్ట్. 1802 జూన్‌లో ఆయన తన మిత్రులతో దక్షిణ అమెరికాలోని చింబొరాజో అనే అగ్నిపర్వతాన్ని ఎక్కాడు. భూమధ్యరేఖకు దగ్గరగా, 6,263 మీటర్ల ఎత్తున, నెత్తిన మంచు మోస్తూ ఉండే కొండ అది. శిఖరం చేరలేకపోయాడు గానీ, ఏ మొక్క ఎంత ఎత్తులో ఉందో రాసుకున్నాడు. తర్వాత 1807లో కొండను నిలువునా కోసినట్లు ఒక పెద్ద బొమ్మ అచ్చు వేయించి, ఏ మొక్క పేరును ఆ ఎత్తు దగ్గరే రాశాడు. మన ఆడపడుచులు పేర్చే వరసలు ఆయన చూసి ఉంటే ఎంత సంతోషించేవాడో!

మన సహ్యాద్రి వరసలు

మన దేశపు ప్రధాన భూభాగంలో అంత ఎత్తైన అగ్నిపర్వతం లేదు. ఇప్పుడు మండుతున్నది అండమాన్‌లోని బారెన్ ద్వీపం ఒక్కటే, అదీ చిన్న కొండ. కానీ అగ్నిపర్వతపు రాయి, ఉష్ణదేశపు ఎండ, కొండ ఎత్తు మూడూ కలిసిన చోటు మన గుమ్మం ముందే ఉంది. ఠాణే జిల్లాలోని మాహులీ కోట 858 మీటర్లు. ఆసన్‌గావ్ స్టేషన్‌లో దిగితే దగ్గరే. మహారాష్ట్రలోకెల్లా ఎత్తైన కళసూబాయి శిఖరం 1,646 మీటర్లు. పైన చిన్న అమ్మవారి గుడి, నవరాత్రులలో జాతర. ఇక్కడ మనం బతుకమ్మ ఆడే రోజుల్లోనే అక్కడివాళ్ళు ఆ కొండ ఎక్కుతుంటారు.

ఈ కొండల మీద మొక్కకు వచ్చే కష్టం మంచు కాదు, దాహం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కుండపోత. ఆ తర్వాత ఎనిమిది నెలలు చుక్క ఉండదు. రాతి మీద మట్టి ఒక జానెడు కూడా ఉండని చోట్లు ఎన్నో. ఆ నాలుగు నెలల్లోనే మొలవాలి, పూయాలి, విత్తనం కట్టాలి, మళ్ళీ నేలలో దాక్కోవాలి. నాలుగు నెలల సీజను మీద ఏడాదంతా బతకడం ఏమిటో మన ఇళ్ళలో వేరే చెప్పనక్కర్లేదు.

సాతారా దగ్గర కాస్ పీఠభూమి ఇందుకు గొప్ప ఉదాహరణ. సుమారు 1,200 మీటర్ల ఎత్తున, సుమారు 10 చదరపు కిలోమీటర్ల బండ. నల్లరాయి కోట్ల ఏళ్ళు వానకు నాని, సారమంతా కరిగిపోయి, పైన తుప్పు రంగు లేటరైట్ రాయిగా మిగిలింది. ఎండాకాలంలో చూస్తే గొడ్డు నేల. ఆగస్టు, సెప్టెంబరులో చూస్తే పూల తివాసీ. అక్కడ సుమారు 850 రకాల పూల మొక్కలు ఉన్నాయని లెక్క. 2012లో పడమటి కనుమలకు యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చినప్పుడు కాస్ కూడా అందులో చేరింది.

అంత పేద నేలలో అన్ని మొక్కలు ఎలా? మట్టిలో బలం ఉంటే నాలుగు మొండి గడ్డిజాతులే ఏపుగా పెరిగి మిగతావాటిని తొక్కేస్తాయి. బలం లేనిచోట పెత్తనం ఎవరికీ చెల్లదు. తలా ఒక ఉపాయం పన్నుకొని సర్దుకుంటారు. డ్రోసిరా అనే చిట్టి మొక్క ఆకుల మీద జిగురు బొట్లు పెట్టుకొని పురుగులను అంటించుకొని తింటుంది. నీలి పూల యూట్రిక్యులేరియా తడి మట్టిలో సన్నని సంచులు పెట్టి నీటి పురుగులను లోపలికి గుంజుకుంటుంది. మట్టిలో దొరకని నత్రజని వాటికి పురుగుల్లో దొరుకుతుంది. ఈ యూట్రిక్యులేరియాను మరాఠీలో 'సీతమ్మ కన్నీళ్ళు' అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు.

ఇంకో ఉపాయశాలి 'కందీల్ పుష్ప', అంటే లాంతరు పువ్వు. శాస్త్రజ్ఞులు సెరోపీజియా అంటారు. పువ్వు నిజంగా చిన్న లాంతరులాగే ఉంటుంది. ఈగ లోపలికి దిగితే గొట్టంలో కిందికి వంగిన వెంట్రుకలు దాన్ని బయటికి రానివ్వవు. పుప్పొడి పని పూర్తయ్యాక వెంట్రుకలు వాడిపోయి తలుపు తెరుచుకుంటుంది. ఈగకు ప్రాణహాని లేదు, ఒక పూట వెట్టిచాకిరీ మాత్రమే. ఈ లాంతరు పూలలో కొన్ని రకాలు సహ్యాద్రి కొండలు దాటి ప్రపంచంలో మరెక్కడా లేవు. హరిశ్చంద్రగఢ్ కోట మీద పూసే రకం ఒకటి అలాంటిదే.

మాళ్‌షేజ్ ఘాటు ఎక్కి జున్నర్ వైపు పోతే శివనేరి కోట వస్తుంది. ఛత్రపతి శివాజీ మహారాజు పుట్టిన కోట. అటువంటి కోటల నిట్టనిలువు రాతి గోడలను పట్టుకొని వేలాడే మొక్క ఒకటుంది. మరాఠీలో శిందళ మాకుడీ. 1860లలో డాల్జెల్ అనే వృక్షశాస్త్రవేత్త దీన్ని లోకానికి చెప్పి, అప్పటి బొంబాయి గవర్నరు ఫ్రెరీ పేరు మీద ఫ్రెరియా అని పేరు పెట్టాడు. మన ఊళ్ళలో గుట్టల మీద దొరికే కుందేటికొమ్ములకు ఇది దగ్గరి చుట్టం. కండపట్టిన కాడలు, వానాకాలంలో ఆకులు, ముదురు ఎరుపు మీద పసుపు చుక్కల నక్షత్రం వంటి పువ్వు. మేకలు చేరలేని చోటు చూసుకొని బతికిపోయింది.

ఇక కార్వీ సంగతి. ఈ కొండవాలుల్లో మనిషెత్తు పెరిగే పొద. ఆదివాసులు దీని కర్రలతో తడికలు అల్లి, పేడా మట్టీ మెత్తి గుడిసె గోడలు కట్టుకుంటారు. ఏడెనిమిదేళ్ళు ఆకులతోనే గడిపి, ఆ తర్వాత ఒక్క ఏడు కొండ కొండంతా ఊదా రంగు పూలు పూసి, విత్తనం కట్టి చచ్చిపోతుంది. ముంబయి బోరివలి అడవిలో 2016లో పూసింది, తిరిగి 2024లో పూసింది. కాస్ మీద దీని చెల్లెలు తోప్లీ కార్వీ ఉంది. తోప్లీ అంటే బుట్ట. పొద బోర్లించిన బుట్టలా ఉంటుంది. కేరళ కొండల్లో పన్నెండేళ్ళకు ఒకసారి పూసే నీలకురింజి కూడా వీటి కుటుంబమే.

చేమంతి ఇంటి పిల్లలు

సెప్టెంబరులో సహ్యాద్రి ఘాట్లలో బస్సులో పోతుంటే, రోడ్డు పక్క రాళ్ళమీద పసుపు ఆరబోసినట్లు చిన్న చిన్న పూలు కనిపిస్తాయి. అది సోన్‌కీ. చేమంతి కుటుంబానిది. బారెడు కూడా పెరగదు, నాలుగు నెలల ఆయుష్షు.

ఇప్పుడు ఆఫ్రికాకు పోదాం. టాంజానియాలోని కిలిమంజారో 5,895 మీటర్ల అగ్నిపర్వతం. అడుగున అరటి తోటలు, కాఫీ తోటలు. ఆ పైన అడవి, ఆ పైన పొదలు. ఇంచుమించు 4,000 మీటర్ల దగ్గర పగలు ఎండ మాడ్చేస్తుంది, రాత్రి నీళ్ళు గడ్డకడతాయి. అక్కడ రోజూ పగలు ఎండాకాలం, రోజూ రాత్రి చలికాలం అని స్వీడన్ శాస్త్రవేత్త హెడ్‌బర్గ్ తేల్చి చెప్పాడు. ఆ చోట మన సోన్‌కీకి దాయాది ఒకటి చెట్టయి, రెండు మూడు నిలువుల ఎత్తు నిలబడి ఉంటుంది. ఎండిన ఆకులను రాల్చదు. కాండానికే చుట్టుకొని ఉంచుకుంటుంది. చలిరాత్రి గొర్రెల కాపరి గొంగడి కప్పుకున్నట్లు! దాని పక్కనే పెరిగే లొబేలియా సాయంత్రం కాగానే ఆకులన్నీ లోపలికి ముడుచుకొని మొగ్గను కాపాడుకుంటుంది, తెల్లవారి విప్పుకుంటుంది.

పసిఫిక్ సముద్రం నడుమ ఉన్న హవాయి దీవులకు పోతే అక్కడా చేమంతి కుటుంబమే. 3,055 మీటర్ల హాలెఆకలా అగ్నిపర్వతం మీద, బూడిద వంటి నేలలో వెండి కత్తులు గుత్తిగా గుచ్చినట్లు ఒక మొక్క. ఇంగ్లీషువాళ్ళు సిల్వర్‌సోర్డ్ అన్నారు. వెండి రంగు నూగు ఎండ దెబ్బ నుంచి దానికి గొడుగు. ఇరవై ఏళ్ళో యాభై ఏళ్ళో కాచుకొని ఒక్కసారి నిలువెత్తు పూలకంకి వేసి, మన కార్వీ లాగే చచ్చిపోతుంది. ఎప్పుడో కాలిఫోర్నియా తీరం నుంచి ఒక సామాన్యమైన గడ్డిపూల మొక్క విత్తనం ఆ దీవులకు చేరితే, దాని సంతానమే ఇవాళ సుమారు ముప్ఫై జాతులుగా మారింది. ఒకటి చెట్టు, ఒకటి తీగ, ఒకటి వెండి కత్తి. వాన ఉన్నచోట ఒకలా, బూడిద ఉన్నచోట ఒకలా.

ఎక్కడినుంచో వచ్చిన విత్తనం పరాయి రాతి మీద పడి, ఆ రాతి గుణం నేర్చుకొని, చివరకు ఆ చోటు తప్ప మరెక్కడా లేనిది కావడం. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి వచ్చి పద్మనగర్‌లో, కామత్‌ఘర్‌లో పాతుకున్న మనకు ఈ కథ ప్రత్యేకంగా విప్పి చెప్పాలా? మనం పేర్చే బంతి పువ్వు కూడా మెక్సికో నుంచి సముద్రం దాటి వచ్చిందే.

శిఖరాన చోటెంత?

ఇంతవరకు చెప్పినది సంతోషం కలిగించే సంగతి. ఇక మనసును కలచివేసేది.

బతుకమ్మను మరొకసారి తలుచుకోండి. అడుగు వరసను ఎవరో కింది నుంచి పైకి తోస్తున్నారనుకోండి. తంగేడు బంతి చోటికి వస్తుంది, బంతి చేమంతి చోటికి వస్తుంది. మరి శిఖరాన ఉన్న పువ్వు ఎక్కడికి పోవాలి?

భూమి వేడెక్కుతున్నకొద్దీ కొండల మీద జరుగుతున్నది ఇదే. హంబోల్ట్ వెళ్ళిన 210 ఏళ్ళకు, 2012లో, శాస్త్రజ్ఞులు చింబొరాజో ఎక్కి ఆయన రాసిన ఎత్తులతో మొక్కలను పోల్చి చూశారు. మొక్కలు 500 మీటర్లకు పైగా ఎగువకు జరిగాయని 2015లో ప్రకటించారు. తర్వాత 2019లో మరికొందరు ఆయన పాత కాగితాలు వెతికి, ఆ లెక్కల్లో చాలావరకు అంటిసానా కొండవని తేల్చారు. అక్కడ మళ్ళీ కొలిచి, జరిగినది 215 నుంచి 266 మీటర్లు అన్నారు. అంకె మారింది గాని దారి మారలేదు. మొక్కలు పైకే పోతున్నాయి. కొండకు మాత్రం ఒక చివర ఉంది.

మన సహ్యాద్రి మొక్కలకు ఎక్కే చోటు ఇంకా తక్కువ. కిలిమంజారో మొక్కకు ఇంకా వేయి మీటర్ల పైబడి రాయి మిగిలి ఉంది. కాస్ బండ మీది మొక్క ఇప్పటికే శిఖరాన నిలబడి ఉంది. దానికి పైన ఆకాశమే.

వేడి ఒక్కటే శత్రువు కాదు, చేతులు కూడా. హాలెఆకలా మీదికి వచ్చిన యాత్రికులు వెండి కత్తి మొక్కలను వినోదానికి పీకి వాలు వెంట దొర్లించేవారట. గుర్తుగా ఇళ్ళకు పట్టుకుపోయేవారట. మేకలు మిగతాది మేశాయి. 1930ల నాటికి అవి కొన్ని వేలకు పడిపోయాయి. కాపలా పెట్టి, మేకలను తోలాక 1990ల నాటికి అరవై వేలు దాటాయి. అంటే చేతుల వల్ల వచ్చిన నష్టాన్ని చేతులే సరిదిద్దగలిగాయి. ఆ తర్వాత ఎండలు ముదిరి, మబ్బులు తగ్గి, మళ్ళీ సగానికి పైగా పోయాయి. వాటిని కాపలావాడు ఆపలేడు.

ఒక సంచీ పూలు

ఇది రాస్తూ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళ క్రితం ఎంగిలిపూల బతుకమ్మకు ముందు మిత్రులతో మాళ్‌షేజ్ ఘాటుకు వెళ్ళాను. కొండంతా సోన్‌కీ పూసి ఉంది. బజారులో పూల ధర తలుచుకొని, ఇంత ఉచితంగా దొరుకుతుంటే వదలడం ఎందుకని ఒక పెద్ద సంచీ నిండా కోశాను. కోయడం ఏమిటి, సగం వేళ్ళతో సహా వచ్చాయి. అక్కడ మేకలు కాస్తున్న ముసలమ్మ ఒకామె నా సంచీ చూసి నవ్వి, మరాఠీలో అంది: "కొండ మీద ఉంటే పండుగ దాకా ఉండేవి. నీ సంచీలో సాయంత్రం దాకా కూడా ఉండవు."

ఆమె అన్నట్లే అయింది. కల్యాణ్ చేరేసరికి సంచీలో మిగిలినది వాడిన పసరు. ఇంట్లో ఆడవాళ్ళు దాన్ని చూసి ఏమన్నారో ఇక్కడ రాయను. మళ్ళీ బజారుకు పోయి బంతి, గునుగు కొనుక్కొచ్చాను.

సోన్‌కీ సంఖ్యకు లోటు లేదు. నా సంచీ వల్ల కొండకు వచ్చిన నష్టం పెద్దది కాకపోవచ్చు. కానీ ఆ గుప్పిళ్ళలో ఏదైనా లాంతరు పువ్వు వచ్చి ఉంటే? ప్రపంచంలో ఏ రెండు మూడు కొండలకో పరిమితమైన మొక్క అయి ఉంటే? ఆ రోజు నాకు తేడా తెలియదు. తెలియని చేతికి అన్నీ గడ్డిపూలే.

బతుకమ్మ అంటే పూలను పూజించే పండుగ. తంగేడు, గునుగు వంటివి పొలం గట్ల మీద దండిగా పూసేవి. కోస్తే మళ్ళీ పూస్తాయి. అందుకే మన పెద్దలు వాటిని ఎంచుకున్నారేమో. శిఖరం మీది పువ్వును మాత్రం అక్కడే ఉండనివ్వాలి. దాన్ని పేర్చింది కొండ. మనం చుట్టూ తిరిగి చూసి రావడమే దానికి చేసే పూజ.

మనవడికి నేను చెప్పిన జవాబు ఇంతే: "అగ్నిపర్వతం మీద మొక్క మొలుస్తుంది బిడ్డా. ఎంత గట్టి రాయి అయినా మొలుస్తుంది. పీకే చెయ్యి దగ్గరకు రాకపోతే చాలు." వాడు కాసేపు ఆలోచించి, "అయితే వానాకాలంల మాహులీ పోదాం తాతా, కోయకుండ చూసి వద్దాం" అన్నాడు. మోకాళ్ళ నొప్పుల మాట ఎత్తకుండా సరేనన్నాను.

మీరూ రండి. ఆగస్టు చివర, సెప్టెంబరులో ఒక ఆదివారం సాంచాలు ఆగిన పూట పిల్లలను తీసుకొని దగ్గరలోని ఏ కోటకైనా వెళ్ళండి. నోటు పుస్తకంలో పువ్వు రంగు, రేకల లెక్క, ఎంత ఎత్తులో కనిపించిందో రాయించండి. రెండు వందల ఏళ్ళ క్రితం హంబోల్ట్ చేసిన పని కూడా అదే కదా! పిల్లలు రాసినవాటిని మన పత్రిక చిరునామాకు పంపితే వచ్చే సంచికలో ఈ శీర్షికలోనే ప్రచురిద్దాం. ఒక్క షరతు. కవరులో కాగితం ఉండాలి, పువ్వు ఉండకూడదు.

సెలవు.